పదకొండు మ్యాచ్‌లేనా?

ఫ్రెడ్ ససకమూస్ పేరు మీలో చాలామంది విని ఉండరు. కెనడాలో సస్కాచవాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి అతాకకూప్ రిజర్వ్‌లో, క్రీ తెగలో 1933లో పుట్టాడాయన. ఐస్ హాకీ ఆటగాడు. 1953-54లో షికాగో బ్లాక్ హాక్స్ జట్టు తరఫున నేషనల్ హాకీ లీగ్‌లో ఆడాడు. ఆదివాసీ తెగల నుంచి ఆ లీగ్‌కి చేరిన తొలితరం వాళ్లలో ఒకడు. రికార్డులో ఆయన పేరు ఎదురుగా ఉండేది ఇంతే: 11 మ్యాచ్‌లు, 0 గోల్స్.

ఇది చూసి "ఛాన్స్ వచ్చింది, నిలబెట్టుకోలేకపోయాడు" అనేస్తారు. ఈ మాట మీరు ఎక్కడో విన్నట్టు లేదూ? పట్నంలో సీటొచ్చి, ఏడాది తిరక్కుండా గూడేనికి వచ్చేసిన మన పిల్లల గురించీ ఇదే అంటారు. అందుకే ఆ 11 వెనకాల ఏముందో చూద్దాం.

ఆట నేర్పింది తాత. మాట రాదు, చెవులు వినపడవు. చలికాలంలో తాత గడ్డకట్టిన నీళ్ల మీద మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టేవాడు. మనవడు తోలు జోళ్లకు స్కేట్లు కట్టుకుని ఆ పక్కనే జారుతూ తిరిగేవాడు. చేతికర్ర చెట్టు కొమ్మ నరికి చేసిందే. ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అని నల్లటి బిళ్ల ఉంటుంది. అది కొనే డబ్బెక్కడిది? గడ్డకట్టిన పేడ ముద్దతోనే ఆడేవాడు.

ఆ తర్వాత ఒకరోజు లారీ వచ్చింది. ఆరేళ్ల పిల్లాణ్ణి, వాళ్ల అన్నదమ్ముణ్ణి ఎక్కించుకుని డక్ లేక్‌లోని సెయింట్ మైకేల్స్ రెసిడెన్షియల్ స్కూల్‌కి తీసుకుపోయారు. జుట్టు కత్తిరించారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. అక్కడ తన మీద లైంగిక హింస జరిగిందని ఆయన పెద్దయ్యాక బయటికి చెప్పాడు. కెనడాలో ఇలాంటి బడులకు పోయిన ఆదివాసీ పిల్లలు సుమారు 1,50,000 మంది. ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన బడులివి.

"అదే బడిలో హాకీ కోచింగ్ దొరికింది కదా, మేలు కూడా జరిగింది కదా" అనేవాళ్లున్నారు. కోచింగ్ దొరికింది, నిజమే. ఒక ఫాదర్ అతని ఆట గమనించి, కఠినంగా సాధన చేయించి, పదిహేనో ఏట మూస్ జా పట్టణంలో జూనియర్ జట్టుకు పంపాడు. ఆ మాట ఫ్రెడ్ కూడా దాచలేదు. కానీ స్కేట్లు కట్టింది తాత. బడి పిల్లాణ్ణి లాక్కుంది, ఆట పిల్లాడితోపాటు వెళ్లింది. ఈ తేడా వదులుకోవద్దు.

ఇక ఆ పదకొండు. అప్పట్లో లీగ్ మొత్తానికి ఆరు జట్లే. రెండు దేశాల్లో కలిపి నూటికి కాస్త పైన చోట్లు. వాటిలో ఒకదానికి చేరేటప్పటికి ఆయనకు 19 ఏళ్లు. ఆ ఏడాదే తన జూనియర్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. ఇంకో సంగతి: షికాగో జెర్సీ మీద ఉన్నది ఈకలు పెట్టుకున్న ఒక ఆదివాసీ ముఖం. ఆ ముఖం ఈరోజుకీ ఉంది. ఆ జెర్సీ వేసుకున్న మనిషికి మాత్రం అప్పటికి సొంత దేశంలో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ఆదివాసీ హోదా వదులుకోకుండానే ఓటు వేసే హక్కు అక్కడ 1960లో గానీ రాలేదు. బొమ్మ కావాలి, మనిషి వద్దు. ఇది మనకేమీ కొత్త కాదు, గుస్సాడీ, కొమ్ము వేషాలు సభల్లో ముందు వరసలో నిలబడతాయి, పోడు పట్టా అడిగితే మాత్రం అధికారి ముఖం తిప్పేసుకుంటాడు.

తర్వాత చిన్న లీగుల్లో ఊరూరా తిరిగాడు. కాల్గరీ జట్టులో ఉండగా, భార్య రిజర్వ్ వదిలి రానంది. ఆయనే వెనక్కొచ్చాడు. దీన్ని బలహీనత అని రాసినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆరేళ్లకే ఇంటి నుంచి లాక్కుపోయిన పిల్లాడు, పెద్దయ్యాక తన ఇష్టంతో ఇంటికి రావడం ఓడిపోవడం ఎట్లా అవుతుంది?

వచ్చాక అంతా బాగైపోలేదు. తాగుడుకు బానిసయ్యాడు. ఏళ్ల తరబడి. దాన్నుంచి బయటపడ్డాడు. తన జాతి కౌన్సిల్‌కి ఎన్నికయ్యాడు, చీఫ్ అయ్యాడు, రిజర్వ్ పిల్లలకు ఆటలు పెట్టించాడు. మన జైపాల్ సింగ్ ముండా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ కెప్టెన్. ఆయన ఎన్ని గోల్స్ కొట్టాడని మనమెవరమైనా అడిగామా? రాజ్యాంగ సభలో లేచి ఏం మాట్లాడాడనే కదా గుర్తు పెట్టుకున్నాం. మరి ఫ్రెడ్‌కి మాత్రం కొలత 11 ఎందుకు?

ఆ బడుల మీద విచారించిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసింది. 87వది, ఆదివాసీ క్రీడాకారుల చరిత్రను దేశమంతటికీ చెప్పాలన్నది. 2020 నవంబర్‌లో, 86 ఏళ్ల వయసులో, కోవిడ్‌తో ఫ్రెడ్ చనిపోయాడు. ఆత్మకథ మరుసటి ఏడాది అచ్చయింది.

ఆటగాడిగా తిరిగే రోజుల్లో ఆయనకు 'చీఫ్ థండర్‌స్టిక్' అని ఒక పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరుతో సస్కటూన్‌లో టోర్నమెంట్ జరుగుతోంది. ఆడేది ఆదివాసీ జట్లే.