బంగారానికి ధర ఉంది, చేతికేదీ?

మా అమ్మ కమ్మలు ఇప్పటికి మూడుసార్లు బ్యాంకు గడప తొక్కాయి. ఒకసారి ఎరువుకి, ఒకసారి అక్క పురుడికి, మూడోసారి నా చదువుకి. "ఇవి సెవులకి కాదురా, కష్టానికి" అంటుంది అమ్మ.

కోతలయ్యాక నాలుగు డబ్బులు మిగిలితే నరసన్నపేట వెళ్ళి అర తులం బంగారం కొనుక్కోవడం మా పల్లెల్లో సోకు కాదు, పొదుపు. అందుకే తూకం చూస్తాం, తరుగు దగ్గర తగువాడతాం, మజూరీ దగ్గర మరీ బిగుస్తాం. రేకు వంచి, వెలిగారం వేసి, ఊదుగొట్టంతో మంట పట్టి ఆ కమ్మని అతికిన మనిషిని మాత్రం చూడం.

జపాను లోహపు పని గురించి చదివినప్పుడు నాకీ సంగతి తట్టింది. అక్కడ షకుడో అనే మిశ్రమ లోహం ఉంది. రాగిలో సుమారు నూటికి నాలుగు పాళ్ళు బంగారం కలిపి, వస్తువు చేశాక రాగి లవణాల ద్రావణంలో ఉడికిస్తే నేరేడుపండు నలుపు తేలుతుంది. మన కంసాలి బంగారంలో రాగి ఎక్కువ కలిపితే మోసం అంటాం. వాళ్ళు రాగిలో బంగారం కలిపి కళ అన్నారు! మొకుమే గానె అని ఇంకో పద్ధతి. వెండి, రాగి వంటి రేకుల్ని దొంతరగా పేర్చి, టంకం లేకుండా వేడితో, ఒత్తిడితో ఒక్కటి చేసి, పైన చెక్కి, మళ్ళీ సాగగొడతారు. కోసిన పనసచెక్క మీద కనిపించే చారల్లాంటివి వస్తాయి. ఈనాడు ఈ పద్ధతుల్లో చెవికమ్మలూ ఉంగరాలూ చేస్తున్నారు.

నిజానికి ఇదంతా కత్తుల అలంకారం కోసం పెరిగిన విద్య. 1876లో సమురాయిలు కత్తి ధరించి తిరగడాన్ని జపాను ప్రభుత్వం నిషేధించింది. ఎందరి కుంపట్లో ఆరిపోయాయి. అయినా కొందరు అదే చేతితో పూలపాత్రలు, నగలు చేసి విదేశాలకు అమ్మారు. కొన్నవాళ్ళు తూకం కాదు, పనితనం చూశారు.

మరి మన దగ్గర? 1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చింది. 14 క్యారెట్లకు మించిన నగ చెయ్యకూడదన్నారు. దేశమంతటా స్వర్ణకారులు వీధిన పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. 1966లో ఆ పరిమితి తీసేశారు. 1968 నాటి నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. ఈనాడు కంసాలి పొట్ట కొడుతున్నది చట్టం కాదు, యంత్రం మీద తయారయ్యే నగ. 2021 నుంచి దశలవారీగా తప్పనిసరి చేసిన హాల్‌మార్కు మంచిదే. 916 అంటే వెయ్యికి 916 పాళ్ళు బంగారం అని మా అమ్మ కూడా చెప్పగలదు. కానీ ఆ ముద్ర లోహం సంగతి చెబుతుంది, చేతి సంగతి చెప్పదు.

"కమ్మలు తాకట్టు పెట్టే ఇంట్లో పుట్టి రాగి కమ్మలు కొనమంటావేటి?" అని మిత్రులు నవ్వవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉంది. రైతుకి అదనుకి అప్పు పుట్టనంతకాలం బంగారమే అతని ధైర్యం. తాకట్టు దగ్గర పనితనానికి పైసా విలువ లేదు. కాబట్టి కంసాలి చేతికి ధర రావాలంటే ముందు రైతు పంటకి ధర రావాలి. రెండు ఆకళ్ళూ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి.

అంతదాకా చేతులు ముడుచుక్కూర్చోవాలా? వెండి 962, రాగి 1085 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతాయని మనం పరీక్షల్లో రాస్తాం. కానీ రెండూ ఆనుకున్నచోట 779 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. మనకది గ్రాఫు మీద ఒక గీత. టంకం పారే అదనుని మా ఊరి కంసాలి తాత మాత్రం లోహం ఎరుపు చూసి పట్టేస్తాడు. బుడితి ఇత్తడి, కంచు పనివాళ్ళకీ అలాంటి చూపే ఉంది. వాళ్ళ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, మన రసాయనశాఖ గడప వాళ్ళని ఎప్పుడు పిలిచింది? ఒక్కరోజు పిలుద్దాం, చూపించడానికి కాదు, నేర్చుకోవడానికి. మన గ్రాఫూ వాళ్ళ చూపూ కలిపి వెండి, రాగి చారల కమ్మలు చేయిద్దాం. అడిగిన మజూరీ బేరమాడకుండా ఇద్దాం.

ఆ కమ్మల్ని ఏ బ్యాంకూ తాకట్టు పట్టదు. అందుకే అవి మా అమ్మ చెవులకే ఉండిపోతాయి.