చూడవలసినవి కట్టడాలేనా?

కొత్త ఊరు వెళ్లేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. అక్కడ చూడవలసినవి ఏమున్నాయి? కలకత్తా విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి కంఠతా వచ్చు. విక్టోరియా మెమోరియల్, హౌరా వంతెన, కాళీఘాట్, దక్షిణేశ్వరం, మ్యూజియం. 2001లో ఆ నగరం పేరు అధికారికంగా కోల్‌కతాగా మారింది. ఈ పట్టిక మాత్రం మారలేదు.

ఇవి చూడదగ్గవి కావని నేను అనను. 1921లో ప్రారంభమైన విక్టోరియా మెమోరియల్ పాలరాతి అందం చూసి తీరవలసిందే. 1943లో తెరిచిన హౌరా వంతెనకు నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం మన దేశంలో మొట్టమొదటి మ్యూజియం. అయితే ఇంతటితో కలకత్తా చూశామనుకుంటే సగమే చూసినట్లు. ఈ కట్టడాలకు కాపలా ఉంది, మరమ్మతులు చేయించేవారున్నారు. మనం పదేళ్ల తరువాత వెళ్లినా అవి అక్కడే ఉంటాయి. ప్రాణమున్నవాటికీ, రోజూ పనిచేస్తున్నవాటికీ ఆ భరోసా లేదు. అందుకే యాత్రికులు వాటినే ముందు చూడాలని నా అభిప్రాయం. మూడు ఉదాహరణలు తీసుకుందాం.

మొదటిది ఒక మర్రిచెట్టు. హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున, శిబ్‌పూర్‌లో, 1787లో స్థాపించిన వృక్షోద్యానం ఉంది. దానికి ఇప్పుడు శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. 1793లో ఈ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకు ముందు మన సామర్లకోటలో ఉండి ఇక్కడి మొక్కలను పరిశీలించినవాడే. ఆయన గ్రంథాల్లో మొక్కల తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. ఈ తోటలోని మహావటం వయసు 250 ఏళ్లకు పైమాటే. దూరం నుంచి చూస్తే అది చెట్టులా ఉండదు, చిన్న అడవిలా ఉంటుంది. 1864, 1867 తుఫానుల్లో దాని పెద్ద కొమ్మలు కొన్ని విరిగాయి. తరువాత తెగులు సోకింది. 1925లో దాని మొదలును పూర్తిగా తొలగించారు. అయినా చెట్టు చావలేదు. నేలలో పాతుకున్న మూడు వేలకు పైగా ఊడలే దానికి మొదళ్లయినాయి. 2020 మే నెలలో వచ్చిన అంఫాన్ తుఫానుకు మళ్లీ కొన్ని ఊడలు పోయాయి. మన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవారికి ఈ చెట్టు కొత్త కాదు. పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు కట్టి మందు ఎక్కించవలసి వచ్చింది. ఎంత పెద్ద చెట్టుకైనా ఎవరో ఒకరి కనిపెట్టుబడి ఉండాలి.

రెండోది నగరానికి తూర్పున ఉన్న చిత్తడి నేలలు. ఇవి సుమారు 12,500 హెక్టార్లు. నగరపు మురుగునీరు కాలువల గుండా ఇటు వస్తుంది. దాన్ని లోతు తక్కువైన చెరువుల్లోకి కొంచెం కొంచెంగా వదులుతారు. ఎండ తగిలిన నీటిలో సూక్ష్మజీవులు మురికిని విడగొడతాయి. సన్నని నాచు పెరుగుతుంది. దాన్ని తిని చేపలు పెరుగుతాయి. చెరువు దాటిన నీరు వరి పొలాలకు పారుతుంది. అంటే నగరం పారేసిన నీరు చేపగా, బియ్యంగా తిరిగి నగరానికే చేరుతుందన్నమాట. ఈ పని నడుపుతున్నవారు జాలరులు, రైతులు. వారు దీన్ని కాలేజీలో నేర్చుకోలేదు, తరతరాల అనుభవంతో సాధించారు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు వారి దగ్గరే ఈ విద్య తెలుసుకుని ప్రపంచానికి చెప్పారు. ఆయన 2018లో మరణించారు.

ఈ నేలల్లో కట్టడాలు రాకుండా కలకత్తా హైకోర్టు 1992లో ఉత్తర్వులిచ్చింది. 2002 ఆగస్టు 19న ఇవి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరాయి. అదే రోజు మన కొల్లేరు కూడా చేరింది. ఈ రెంటినీ పోల్చి చూడండి. కలకత్తాలో చేపల చెరువులే నేలను కాపాడాయి. కొల్లేరులో చేపల చెరువులే సరస్సును మింగాయి. 2006లో ప్రభుత్వం అనేక చెరువుల గట్లు తెగ్గొట్టవలసి వచ్చింది. తేడా ఎక్కడుంది? అక్కడి చెరువు నీరు నడిచే దారిలో ఒక భాగం. ఇక్కడ కట్టిన గట్టు నీటి దారికే అడ్డం. ఈ సంగతి పుస్తకంలో చదివితే మరచిపోవచ్చు, గట్టు మీద నిలబడి చూస్తే మరచిపోము.

మూడోది ట్రాము. కలకత్తా వీధుల్లో 1873లో గుర్రాలు లాగే ట్రాములు మొదలయ్యాయి. 1902 నుంచి అవి కరెంటుతో నడిచాయి. ఒకప్పుడు నగరమంతా అల్లుకున్న ఈ పట్టాలు క్రమంగా తగ్గిపోయాయి. ఎస్ప్లనేడ్, మైదానం మధ్య ఒక్క ముక్క మాత్రం ఉంచి మిగతావి ఎత్తివేస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి ప్రకటించారు. ప్రజలు అభ్యంతరం చెప్పారు. వ్యవహారం హైకోర్టులో కూడా విచారణకు వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ట్రాము నెమ్మదిగా పోతుంది, ఇరుకు రోడ్ల మీద ట్రాఫిక్ ఆగుతుంది. పెరిగే జనానికి ఇళ్లు కావాలి, దానికి స్థలం కావాలి. యాత్రికుల సరదా కోసం నగరవాసులు ఇబ్బంది పడాలా? ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. కాని ట్రాము సరదా బండి కాదు. అది పొగ వదలకుండా సామాన్యులను పనికి చేరవేసిన బండి. ఇళ్లు మరోచోట కట్టుకోవచ్చు, మురుగునీటికి మాత్రం మరో చౌకైన దారి లేదు. ఒక ముక్క ట్రాము దారిని గుర్తుగా ఉంచడమంటే, పనిచేసేదాన్ని బొమ్మగా మార్చడమే.

యాత్రికుడు వీటిని కాపాడగలడా? ఒక్కడివల్ల కాదు. కాని జనం దేన్ని చూడటానికి వస్తారో దానికి విలువ పెరుగుతుంది. కాబట్టి కలకత్తా వెళితే విక్టోరియా మెమోరియల్‌కు ఒక పూట ఇవ్వండి. ఇంకో పూట ట్రాము నడుస్తున్నచోట టిక్కెట్టు కొని ఎక్కండి. మర్రి ఊడలను తెంపకండి, వాటిపై పేర్లు చెక్కకండి. చెరువు గట్టున జాలరి కనిపిస్తే నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నదో అడగండి.

కలకత్తా దాకా వెళ్లలేనివారు ఈ ప్రశ్నను తమ ఊరి చెరువు దగ్గరే అడగవచ్చు. చేపలు పట్టినవారు, పొలానికి నీరు కట్టినవారు మీలో చాలామంది ఉన్నారు. చదువు మధ్యలో ఆగినా ఆ జ్ఞానం మీకుంది. యాత్రలో దాన్ని వెంట తీసుకువెళ్లండి.