పాత వాషింగ్ మెషీన్లకు మళ్ళీ ప్రాణం పోసేదెవరు?

పాత కార్లు, పాత గ్రామఫోన్లు సేకరించేవాళ్ళు మనకు తెలుసు. పాత వాషింగ్ మెషీన్లను వెతికి తెచ్చి, తుప్పు వదిలించి, మళ్ళీ తిరిగేలా చేసి మురిసిపోయేవాళ్ళు కూడా ఉన్నారంటే మనలో చాలామందికి నవ్వొస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఈటన్ అనే చిన్న ఊళ్ళో లీ మాక్స్‌వెల్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉద్యోగ విరమణ తర్వాత ఇలాంటివి వెయ్యికి పైగా పోగు చేశారు. వాటి చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకం పేరుకి తెలుగులో ‘ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడండి’ అని అర్థం.

పేరు బాగానే ఉంది. కానీ పాత యంత్రాన్ని మెరిసేలా తుడిచి నిలబెట్టినప్పుడు దాని ముందు నిలబడి పనిచేసిన మనిషి కనబడదు. బట్టలు పిండే రెండు రోలర్ల యంత్రాలనే తీసుకోండి, సేకరించేవాళ్ళకు అవంటే మహా ఇష్టం. ఆ రోలర్ల మధ్య స్త్రీల, పిల్లల చేతులు ఎన్ని నలిగాయంటే, అమెరికన్ వైద్యులు ఆ గాయానికి ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. రోలర్ల విషయంలో గుర్తుంచుకోవలసిన మరో పేరు ఎలెన్ ఎగ్లిన్. వాషింగ్టన్‌లో ఇళ్ళల్లో పనిచేసిన ఈ నల్లజాతి స్త్రీ బట్టలు పిండే సాధనాన్ని రూపొందించి, 1888లో దాని హక్కుల్ని 18 డాలర్లకు అమ్మేసింది. నల్లమనిషి కనిపెట్టిందని తెలిస్తే తెల్ల స్త్రీలు కొనరన్నది ఆమె చెప్పిన కారణం. లాభం కొనుక్కున్నవాడిది.

మన దగ్గర బహదూర్‌పురాలో పాత కార్లకి, వింత కార్లకి ఒక మ్యూజియం ఉంది. అందులో స్త్రీల పేరుమీద కనిపించేవి ఎత్తు మడమ చెప్పు, హ్యాండ్‌బ్యాగు ఆకారాల్లో చేసిన కార్లు! స్త్రీలకూ యంత్రాలకూ ఉన్న సంబంధం అంతవరకే తోచింది కాబోలు.

మనకు పాత వాషింగ్ మెషీన్ అంటే అసలేది? చాకలి బాన. చౌడులో నానేసిన బట్టల్ని బానలో పేర్చి ఉబ్బకు వేసి, తెల్లవారాక రేవుకు మోసుకెళ్ళి బండకేసి బాదిన రజక స్త్రీ భుజాలు. పురిటి గుడ్డలూ, ముట్టు గుడ్డలూ కూడా ఆమె చేతికే వచ్చేవి. తెలంగాణ పల్లెల్లో దొరల ఇళ్ళకు ఆ పని వెట్టిగానే జరిగింది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరు 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషమే. ఇంటిపేరు స్థానంలో నిలబడిపోయిన ఆ పని చరిత్రని మాత్రం ఎవరు సేకరిస్తున్నారు?

1980ల చివర మధ్యతరగతి ఇళ్ళల్లోకి రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీన్లు వచ్చినప్పుడు రజక స్త్రీకి వాడుక ఇళ్ళు తగ్గాయి. ఇంటి ఇల్లాలికి పని తగ్గిందా? నీళ్ళు పట్టి, తిప్పి, తడి బట్టల్ని ఒక తొట్టిలోంచి మరో తొట్టిలోకి ఎత్తే పని ఆమెకి కొత్తగా వచ్చి చేరింది. యంత్రాలు వచ్చాక శుభ్రత ప్రమాణాలు పెరిగి, బయటివాళ్ళు చేసే పని కూడా తల్లి మీదే పడిందని రూత్ ష్వార్ట్జ్ కోవన్ అమెరికా గురించి 1983లోనే రాసింది. మన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే స్త్రీ రోజుకి 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024కి అవి 289, 88 అయ్యాయి. ఆమెకి తగ్గింది పది నిమిషాలు. అతనికీ తొమ్మిది తగ్గాయి!

ఆ రెండు తొట్ల మెషీన్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? మైలార్‌దేవ్‌పల్లిలో. ఆరాంఘర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు వెళ్ళే రోడ్డు దిగి కాటేదాన్ సందుల్లోకి వెళ్తే, అసంఘటిత రంగ స్త్రీల గురించి తెలుసుకోవడానికి నేను తిరిగిన తుక్కు షెడ్లు కనిపిస్తాయి. రేకు ఇనుముకి, మోటారు తీగ రాగికి, తొట్టి ప్లాస్టిక్ పొడికి. నేలమీద కూర్చుని సుత్తితో కొట్టి వేరుచేసేది స్త్రీలు. పక్క షెడ్డులో ఒక మెకానిక్ రెండు చచ్చిన మెషీన్లని కలిపి ఒకటి బతికిస్తాడు, దీని మోటారు, దాని బెల్టు, ఇంకోదాని టైమరు. పాత వాటికి ప్రాణం పోయడమంటే ఇక్కడ అభిరుచి కాదు, కొత్తది కొనలేని ఇంటికి మెషీన్ చేరే దారి.

ఒకామె తుక్కు కుప్పలోంచి మోటారు తీసి నాకు చూపించింది. “ఇది కాలిపోలే మేడమ్, కెపాసిటర్ వోయింది. వాసన సూస్తెనే ఎర్కైతది” అంది. మరి బాగుచేయొచ్చు కదా అంటే, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మిస్త్రీ ఊకోడంది. ఇరవై ఏళ్ళు విప్పినా ఆమె కూలి, రెండేళ్ళు బిగిస్తే అతను మెకానిక్. నైపుణ్యం అనే మాట వెనక ఎంత పితృస్వామ్యం ఉందో చెప్పడానికి నాకు సిద్ధాంతం అవసరం లేకపోయింది. పైగా ఆమె కూర్చునే ఆ కాటేదాన్ నేలలో సీసం, క్రోమియం, నికెల్ వంటి లోహాలు పేరుకున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లోనే ప్రచురించారు.

చట్టం లేదనుకోకండి. 2011 ఈ-వ్యర్థాల నిబంధనల్లోనే వాషింగ్ మెషీన్ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో పాత సామాను బాగుచేసే పనిని విడిగా గుర్తించారు. విప్పేవాళ్ళనీ, బాగుచేసేవాళ్ళనీ గుర్తించి నమోదు చేయడం, వాళ్ళు సంఘాలు పెట్టుకోవడానికి సాయపడడం, శిక్షణ ఇవ్వడం, ఆరోగ్యం గమనించడం రాష్ట్ర కార్మిక శాఖ బాధ్యత. షెడ్డులో నేను మాట్లాడినవాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. మన సంస్థలు కుట్టు మిషన్ల శిక్షణ దగ్గరే ఎందుకు ఆగిపోయాయో ఆలోచించుకోవాలి. ఈ నిబంధన పట్టుకుని కార్మిక శాఖకు అర్జీ పెట్టొచ్చు. విప్పడం వచ్చిన స్త్రీలకి బిగించడం నేర్పొచ్చు, సొంత సహకార సంఘం కింద వాళ్ళ పేరున నమోదు చేయించొచ్చు.

శిక్షణ పెడితే వస్తారా అని అడిగాను. వస్తామన్నారు, పొద్దున మాత్రం వద్దన్నారు. పొద్దున నల్లా వస్తుంది, ఇంటి బట్టలు చేత్తో ఉతుక్కోవాలి.