ఆ మైనస్‌కు మార్కులు ఎందుకు పోయాయి?

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి తొమ్మిదో తరగతి ఫౌండేషన్ పరీక్ష పేపరు నా ముందు పెట్టి, "లెక్కంతా కరెక్టే కదా సార్, ఒక్క మైనస్ గుర్తు లేదని రెండు మార్కులు తీసేస్తారా?" అని అడిగారు. ఇదే మాట మీలో ఇంకొందరి మనసులోనూ ఉండొచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న ఇది. ఒక కణం సరళరేఖ మీద కదులుతోంది. 0, 1, 2, 3, 4 సెకన్ల దగ్గర దాని స్థానం వరుసగా 2, 5, 6, 5, 2 మీటర్లు. 1వ సెకను నుంచి 4వ సెకను వరకు సగటు వేగం ఎంత?

చివరి స్థానం 2, మొదటి స్థానం 5. రెండులోంచి ఐదు తీస్తే మైనస్ 3. పట్టిన కాలం 3 సెకన్లు. కాబట్టి జవాబు సెకనుకు మైనస్ 1 మీటరు. బాబు అలవాటుగా పెద్ద అంకెలోంచి చిన్నది తీసి 1 అని రాశాడు. అంటే వెనక్కి వచ్చిన కణాన్ని ముందుకు పంపించాడు. ఈ లెక్కలో దిశే సగం జవాబు.

ఇంతకన్నా పెద్ద తప్పు మరికొందరు చేశారు. 4వ సెకను దగ్గర స్థానం 2 కదా అని, రెండుని నాలుగుతో భాగించి 0.5 వేశారు. ఎక్కడుందో చూశారు, ఎంత జరిగిందో చూడలేదు.

అదే పట్టికలో 0 నుంచి 4 వరకు అడిగితే సగటు వేగం సున్నా. పిల్లలు ఒప్పుకోరు. "కదిలింది కదా సార్!" అంటారు. కదిలింది, నిజమే. 6 దగ్గర వెనక్కి తిరిగిందనుకుంటే 8 మీటర్లు నడిచింది, సగటు వడి సెకనుకు 2 మీటర్లు. తెలుగు మీడియంలో చదువుకున్న మీలో చాలామందికి ఈ వడి, వేగం తేడా గుర్తుండే ఉంటుంది. ఇంట్లో మాత్రం రెండింటినీ మనం స్పీడ్ అనే అంటాం.

తప్పంతా పిల్లలదే అనను. ఫార్ములా షీటు ముందు చేతికిచ్చి, బొమ్మ తర్వాత గీయించేది మేమే. మీరూ షార్ట్‌కట్లు అడుగుతారు. తొలి, తుది వేగాలు కూడి సగం చేసే షార్ట్‌కట్ ఉంది, కానీ త్వరణం స్థిరంగా ఉంటేనే దాన్ని నమ్మొచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో దాని అవసరమే లేదని నా అభిప్రాయం. ఇంకో వర్క్‌షీట్ అడిగే బదులు, హాల్లో టైల్స్‌కి సుద్దముక్కతో నంబర్లు వేసి పిల్లల్ని 2 నుంచి 6 దాకా నడిపించి వెనక్కి రమ్మనండి. పది నిమిషాల పని.

ఆ రోజు బాబు చేత కాగితం మీద గీత గీయించాను. పెన్సిలు 5 దగ్గర పెట్టి, 6 దాకా వెళ్లి, 2కి వచ్చాడు. అడక్కుండానే ఒకటి ముందు మైనస్ పెట్టాడు. వాళ్ల నాన్న నవ్వారు. మార్కులు మాత్రం నేను కలపలేదు.