అంతరిక్ష నౌకలో వంటిల్లు ఎక్కడ?

మన పిల్లలు, ముఖ్యంగా పై తరగతుల వాళ్ళు, బేస్‌మెంట్లలో చేరి పాచికలు వేస్తూ రోల్ ప్లేయింగ్ ఆటలు ఆడుతుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు కెప్టెన్, ఇంజనీరు, డాక్టరు పాత్రలు తీసుకుని ఊహలోనే నక్షత్రాల మధ్య తిరుగుతారు. అదంతా టైం వేస్టని చాలామంది తల్లిదండ్రుల ఫిర్యాదు. ఆట మాన్పించడం కన్నా, ఆ నౌకను మనుషులు బతికేలా గీయమని అడగడం మేలని మా అభిప్రాయం.

పిల్లలు గీసే నౌకల్లో సాధారణంగా తుపాకులు, ఇంజన్లు, కెప్టెన్ కుర్చీ ఉంటాయి. ఆరుగురు ఆరు నెలలపాటు ఎక్కడ పడుకుంటారో, ఏం తింటారో, చెత్త ఎక్కడ వేస్తారో మాత్రం ఉండదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. నౌక కూడా ఇల్లే. కాకపోతే కిటికీ తెరిచే వీలు లేని ఇల్లు.

ఒక్కసారి లెక్క వేయించండి. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి. తాగడానికి, వంటకు కలిపి 3 లీటర్ల నీళ్ళనుకుందాం. ఆరుగురికి 180 రోజులకు ఆక్సిజన్ 900 కిలోలు దాటుతుంది. నీళ్ళు 3,240 లీటర్లు. స్నానం, బట్టల సంగతి ఇంకా రానేలేదు! అందుకే వాడిన నీటినే మళ్ళీ వాడాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఊపిరిలోని తేమ, చెమట, మూత్రం శుద్ధి చేసి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగామని నాసా 2023లో ప్రకటించింది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఆక్సిజన్ కూడా తీస్తారు. హైదరాబాదు నుంచి అమెరికా వచ్చిన తండ్రికి పుట్టిన రాజాచారి 2021-22లో దాదాపు ఆరు నెలలు అక్కడ ఉన్నది ఆ గాలి పీల్చి, ఆ నీరు తాగే.

ఆక్సిజన్ ఒక్కటే ఉంటే చాలదు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువును తీసేయాలి. 1970లో అపోలో 13 ప్రమాదంలో ముగ్గురి ప్రాణాలకూ ముప్పు తెచ్చింది అదే. ఒక భాగంలోని ఫిల్టర్లు చతురస్రం, రెండో భాగంలోనివి గుండ్రం. ప్లాస్టిక్ సంచులు, అట్టలు, టేపు కలిపి అతికించి బయటపడ్డారు. నౌక అంతటా ఒకే రకం ఫిల్టరు పెట్టాలని పిల్లలకు ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

"మొక్కలు పెంచితే గాలి అదే వస్తుంది" అనే పిల్లలకు బయోస్ఫియర్ 2 కథ చెప్పండి. అరిజోనాలో 1991 నుంచి 1993 వరకు ఎనిమిది మంది మూసిన అద్దాల తోటలో ఉన్నారు. అంత పచ్చదనం ఉన్నా ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 దాకా పడిపోయింది. చివరికి బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది.

ఇక గదులు. 1977లో వచ్చిన ట్రావెలర్ అనే ఆటలో ఒక్కో గదికి 4 టన్నుల చోటు, అంటే సుమారు 56 ఘనమీటర్లు కేటాయిస్తారు. నడవల వాటా కూడా అందులోదే. అంతరిక్ష కేంద్రంలో పడక అర మాత్రం సుమారు 2 ఘనమీటర్లే. మా సలహా ఏమిటంటే, అర చిన్నదైనా తలుపు ఉండాలి, అందరూ కలిసి తినడానికి ఒక బల్ల ఉండాలి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: మీ నౌకలో అమ్మమ్మకు గది ఉందా?

ఊహకు లెక్కలెందుకని కొందరంటారు. కానీ అసలు కథ పుట్టేది అక్కడే. ఐదుగురికే గాలి ఉండి ఆరుగురు మిగిలితే ఏం చేయాలి? దానికి ఏ తుపాకీ జవాబు చెప్పదు. కూర్చుని మాట్లాడుకోవలసిందే.

ఆ మాటలు తెలుగులో సాగాలని మా కోరిక. గుణింతాలు, పద్యాలు అయ్యాక మాట్లాడే విషయం లేక పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు తెలుగు బడికి దూరమవుతున్నారు. వాళ్ళ చేతికి పెద్ద కాగితం ఇచ్చి నౌక గీయమందాం. వంటిల్లు, పడకగది, నీళ్ళ తొట్టి, సామాన్ల కొట్టు, ఎవరి వంతు ఏ రోజు అన్నవన్నీ తెలుగులో రాయమందాం. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ఇల్లు నడపడం ఎలాగో మనకు తెలుసు కదా!