కప్పు కోసం గడువు

పార్కిన్సన్స్ వ్యాధితో చేతులు వణికే 83 ఏళ్ల ఖైదీ నీళ్లు తాగడానికి ఒక స్ట్రా, సిప్పర్ కప్పు అడిగారు. జవాబివ్వడానికి ఎన్ఐఏ 20 రోజుల గడువు కోరింది. 2020 నవంబరులో, తలోజా జైలులో ఉన్న స్టాన్ స్వామి విషయంలో జరిగిన సంగతి ఇది. గడువు ముగిశాక వచ్చిన సమాధానం: అవి మేం స్వాధీనం చేసుకోలేదు!

భీమా కోరేగావ్ కేసులో తొలి అరెస్టులు 2018 జూన్‌లో జరిగాయి. మూడేళ్లు గడిచినా అభియోగాల నమోదే కాలేదు. ఉపా చట్టం 43డి(5) ప్రకారం ఆరోపణలు ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు లేదు. ఆ నిజాన్ని తేల్చవలసిన విచారణ మాత్రం మొదలవదు. శిక్షించడానికి ఇక తీర్పుతో పనేముంది? జార్ఖండ్ జైళ్లలో మావోయిస్టులన్న ముద్రతో మగ్గుతున్న ఆదివాసీ విచారణ ఖైదీల కోసం హైకోర్టుకెక్కిన మనిషి, చివరికి తానే ఆ వరుసలో చేరారు. 2021 జూలై 5న బెయిలు పిటిషన్‌పై విచారణ చేపట్టిన బాంబే హైకోర్టుకు అందింది ఆయన మరణవార్త.