ఒక్క సీసా, పది పెరళ్లు



"నా కోడి, నా కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదు" అనుకున్న అవ్వ కథ మనమందరం చిన్ననాడు విన్నదే. ఒకరి అహంకారాన్ని వెక్కిరించడానికి ఆ సామెతను వాడుతుంటాం. కాని ఆ కథలో మరొక మాట కూడా ఉన్నది. ఆ ఊరివారు నిజంగానే ఆమె కోడి కూతకు మేల్కొనేవారు, ఆమె కుంపటిలోని నిప్పుతోనే పొయ్యి రాజేసుకొనేవారు. కోడి ఒకరిది, దాని వలన మేలు మాత్రం పదిమందిది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది దానికి రెండవ సగం. కోడి ఒకరిదే అయినా దానికి వచ్చే తెగులు వీధి మొత్తానిది. కనుక దానిని కాపాడే బాధ్యత కూడా వీధి మొత్తానిదే.

మా ఆకివీడులోనూ, చుట్టుపక్కల ఉప్పుటేరు, కొల్లేరు గ్రామాలలోనూ పెరటిలో నాలుగైదు కోళ్లు తిరగని వీధి అరుదు. చేపల చెరువుల మీద పనికి వెళ్లే ఇళ్లలో ఆ కోళ్ల డబ్బు చాలావరకు ఇల్లాలి చేతి డబ్బు. పిల్లవాడి పుస్తకాలకో, అత్తగారి మందులకో అక్కరకు వచ్చేది అదే. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఎదిగే పిల్లలకు, బాలింతలకు ఇంతకంటె సులభంగా దొరికే బలమైన ఆహారం మన పెరటిలో మరొకటి లేదు. అందువలన పెరటి కోడి చనిపోతే ఆ నష్టం ఇంటి ఆరోగ్యానికి కూడా తగులుతుంది.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక పుష్యమాసంలో మా వీధి చివరి ఇంటిలో రెండు పెట్టలు చనిపోయాయి. ఆ ఇల్లాలు తెల్లవారకముందే వాటిని కాలువలో వేయించింది. చెబితే నలుగురూ తననే నిందిస్తారని ఆమె భయం. పది రోజులు తిరగకుండా వీధిలో కోళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి మెడలు వాల్చాయి. మా పెరటిలోని ఏడింటిలో ఒక్కటి కూడా మిగలలేదు. తరువాత ఒకనాడు ఆమె వచ్చి, "ముందే చెప్పి ఉండవలసిందండీ డాక్టరు గారూ" అని కళ్లు తుడుచుకున్నది. నేను బదులు చెప్పలేకపోయాను. అంతకు నాలుగు రోజుల ముందు మా పెట్ట ఒకటి మేత మాని కునికిపాట్లు పడుతుంటే నేనూ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగ జీవితమంతా అంటువ్యాధుల గురించి పదిమందికి హితవు చెప్పినవాణ్ణి, నా పెరటి దగ్గరకు వచ్చేసరికి ఊరుకున్నాను.

అప్పుడు వచ్చినది కొక్కెర తెగులు అని పశువైద్యులు చెప్పారు. దీనినే రాణిఖేత్ వ్యాధి అంటారు. హిమాలయ పాదాలలోని రాణిఖేత్ పట్టణం పేరు మీద మన దేశంలో ఆ పేరు స్థిరపడింది. ఇతర దేశాలలో దీని పేరు న్యూకాసిల్ వ్యాధి. కోడి నోరు తెరిచి రొప్పుతుంది, ఆకుపచ్చగా పారుకుంటుంది, మెడ మెలితిరుగుతుంది, కాళ్లు రెక్కలు చచ్చుబడతాయి. టీకా పడని మందలో ఇది ప్రవేశిస్తే దాదాపు అన్నింటినీ తుడిచిపెట్టగలదు. వచ్చిన తరువాత దీనికి మందు లేదు. రాకుండా మాత్రం టీకా ఉన్నది, అదీ చవకైన టీకా.

మరి అంత చవకైన టీకా పెరటి కోళ్లకు ఎందుకు పడడం లేదు? ఈ ప్రశ్నకు జవాబు సీసాలో ఉన్నది. ఒక సీసాలో సాధారణంగా వంద మోతాదులు, కొన్నిటిలో అంతకు మించి ఉంటాయి. పొడి రూపంలో ఉన్న టీకాను ద్రావకంలో కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడేయాలి, మిగిలినది పారవేయాలి. కోళ్ల ఫారం యజమానికి ఇది సమస్య కాదు. పెరటిలో ఎనిమిది కోళ్లు ఉన్న ఇల్లాలు ఎనిమిది మోతాదుల కోసం సీసా విప్పి, తొంభై రెండు మోతాదులు ఎలా పారవేస్తుంది? అందుకే ఆమె అసలు సీసా జోలికే పోదు. అజ్ఞానం వలన ఆమె టీకా వేయించలేదని మనం అంటాం. కాని ఒంటరిగా ఆ పని చేయడం ఆమెకు గిట్టదు. అదే పది ఇళ్లు కలిస్తే వంద కోళ్లు అవుతాయి, సీసా సరిపోతుంది, ఒక్కొక్క ఇంటి వంతుకు వచ్చే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ.

కనుక నా సూచన ఇది. ప్రతి వీధిలో చలికాలం ముదరకముందే, కార్తీకంలోనే, ఒక ఉదయాన్ని "కోళ్ల టీకా రోజు"గా పెట్టుకోండి. ముందురోజు సాయంత్రం ఎవరి కోళ్లను వారు గంపల కింద మూసి ఉంచాలి. దొడ్డిలోకి వదిలిన కోడిని పట్టుకోవడానికి పరుగులు తీస్తుంటే రెండు గంటల గడువు అక్కడే అయిపోతుంది. ఒక ఇంటివారికి స్కూటరు ఉంటుంది, వారు పశువైద్యశాల నుంచి టీకాను మంచుగడ్డల ఫ్లాస్కులో తేవాలి. ఒక ఇంటివారికి ఫ్రిజ్ ఉంటుంది, వారు విప్పని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య భద్రపరచాలి. చదువుకునే అమ్మాయి ఎవరికి ఎన్ని కోళ్లు, ఏ రోజున ఏ టీకా అన్నది ఒక పుస్తకంలో రాసిపెట్టాలి.

వరుస కూడా తెలుసుకోండి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకా ఒక చుక్క కంటిలోనో ముక్కులోనో వేస్తారు. నాలుగు వారాలకు మళ్లీ ఒకసారి. ఎనిమిది వారాలు నిండిన తరువాత ఆర్‌2బి అనే టీకాను అర మిల్లీలీటరు సూదితో ఇస్తారు. ఇది ఘాటైన టీకా, చిన్న పిల్లలకు పనికిరాదు. జబ్బుగా ఉన్న కోడికి ఏ టీకా వేయకూడదు. తొలిసారి పశువైద్య సిబ్బంది చేత వేయించి, దగ్గరుండి నేర్చుకోండి. టీకా వేసే చేతితో మీ కళ్లు తాకవద్దు. ఆ వైరస్ మనిషికి పెద్ద హాని చేయకపోయినా కళ్లకలక తెప్పించగలదు.

ఇక చలి సంగతి. మన దగ్గర మంచు గడ్డకట్టదు, కాని ధనుర్మాసపు రాత్రులలో చెరువుల మీద నుంచి వచ్చే మంచుతెర, తడి గాలి తక్కువవి కావు. మంచు కురిసే దేశాలలో కోళ్లు పెంచేవారికి బాగా తెలిసిన సూత్రం ఒకటి ఉన్నది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పొడి చలిని ఈకలతో తట్టుకుంటుంది, దానిని దెబ్బతీసేది తడి. అందుకే వారు గూటికి ఈదురుగాలి తగలకుండా చూస్తూనే, పైభాగంలో గాలి పోయే సందు వదులుతారు. మనవాళ్లు ప్రేమ కొద్దీ గూటి చుట్టూ టార్పాలిన్ బిగించి కట్టేస్తారు. లోపల రెట్ట ఘాటు, ఊపిరి తడి నిలిచిపోయి, తెల్లవారేసరికి కోళ్లు తుమ్ముతుంటాయి. కింద పొడి ఊక పరచండి, తడిసినప్పుడల్లా మార్చండి, పైన రెండు మూడంగుళాల సందు వదలండి. తల్లి లేని పిల్లలకు మాత్రం మొదటి వారం సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. బల్బు పెట్టలేని ఇంటివారు, పొరుగింట పొదిగి లేచిన పెట్ట కింద రాత్రివేళ వాటిని చేర్చి చూడవచ్చు. పిల్లలు ఒకే ఈడువైతే చాలా పెట్టలు కాదనవు.

చలికాలానికి మరొక జాగ్రత్త కూడా అవసరం. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాధాన్యం గల రామ్‌సర్ చిత్తడి నేల. ఏటా ఈ కాలంలో దూరదేశాల పక్షులు ఇక్కడికి రావడం మన అదృష్టం. అయితే నీటి పక్షులు, ముఖ్యంగా బాతు జాతివి, తమకు జబ్బు చేయకుండానే బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలవు. చల్లని నీటిలో ఆ వైరస్ ఎక్కువ కాలం బతుకుతుంది. తప్పు పక్షులది కాదు, వాటిని తరమనక్కరలేదు. చేయవలసినదల్లా మన కోళ్లను చెరువు గట్లకు, కోత కోసిన చేలలో మేసే బాతుల మందల దగ్గరకు వదలకపోవడం, తాగే నీరు ఇంటిదే పెట్టడం.

ఇది దూరపు భయం కాదు. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే తణుకు మండలం వేల్పూరులోనూ, తూర్పుగోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులోనూ కోళ్లకు హెచ్5ఎన్1 సోకినట్లు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల బాలిక మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కారణం హెచ్5ఎన్1 అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. ఆ పాప పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని వార్తలలో వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో అమెరికాలోని లూసియానాలో 65 ఏళ్లు దాటిన వ్యక్తి ఇదే వ్యాధితో మరణించారు. ఆ వ్యక్తికి పెరటి కోళ్లతోనూ అడవి పక్షులతోనూ సంపర్కం ఉన్నదని అక్కడి అధికారులు ప్రకటించారు. మనుషులకు ఇది సోకడం చాలా అరుదు, కాని సోకితే తీవ్రం.

భయపడి కోడిని మానవద్దు. లోపలి వరకు 70 డిగ్రీలు దాటేలా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఈ వైరస్ బతకదు. బలం కోసమని పిల్లలకు పచ్చిగుడ్డు తాగించే అలవాటు మాత్రం మానండి. మాంసం కడిగే చోట పసిపిల్లలను కూర్చోబెట్టవద్దు. చనిపోయిన లేదా జబ్బుపడిన కోడిని తాకిన తరువాత పది రోజులలోపు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే, వైద్యుని దగ్గర మొదటి మాటగా కోళ్ల సంగతి చెప్పండి. రోగులు సాధారణంగా ఇది చెప్పరు, మేమూ అడగడం మరచిపోతాం. దీనికి మందు ఉన్నది, తొలి రెండు రోజులలో మొదలుపెడితే దాని ఫలం ఎక్కువ.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన సలహా. కోడి చనిపోతే దాచవద్దు. పొరుగువారికి అదే పూట చెప్పండి. ఒకేసారి రెండు మూడు చనిపోతే పశువైద్యశాలకు తెలపండి. మిగిలిన వాటిని హడావుడిగా సంతకు పంపి, జబ్బును మరొక ఊరికి అమ్మవద్దు. చనిపోయినదాన్ని కాలువలో వేయవద్దు, చేతులకు కవరు తొడుక్కొని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే, చుట్టూ కిలోమీటరు పరిధిలోని పెరటి కోళ్లను కూడా అధికారులు తీసివేస్తారు. వారు తీసివేసిన పక్షులకు పరిహారం ఉంటుంది, అప్పటికే చనిపోయినవాటికి ఉండదు. దాచినందువలన ఎవరికీ ఒక్క రూపాయి లాభం లేదు.

సంక్రాంతి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. పందేలు చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు, జరుగుతున్నాయనీ తెలుసు. నాలుగు జిల్లాల పుంజులు ఒకే బరి దగ్గర రక్తం, ఉమ్ము కలుపుకొని, సాయంత్రానికి ఎవరి పెరటికి అవి చేరుకోవడం తెగులుకు స్వయంగా దారి వేయడమే. నా మాట వినేవారు వెళ్లవద్దు. బయటి నుంచి ఏ కోడి వచ్చినా, అది సంతలో కొన్న పెట్ట అయినా సరే, రెండు వారాలు విడిగా గంప కింద ఉంచిన తరువాతే మందలో కలపండి.

"మాకు కోళ్లు లేవు, మేము తినము, మాకెందుకు?" అనే పెద్దలు కూడా వీధిలో ఉంటారు. వారి తోటకూర మడిని పొరుగింటి కోడి కెలికినందుకు కలిగే కోపం న్యాయమైనదే. అందుకే కోళ్లవారు ముందుగా దొడ్డికి వల కట్టుకోవాలి. కాని ఆ పెద్దల మనుమడు ఆడుకునేది కూడా ఆ వీధి మట్టిలోనే. కోళ్ల పుస్తకం రాసే పని వారు తీసుకుంటే ఎంత మర్యాదగా ఉంటుంది! ఇంటివారు పెళ్లికో తీర్థయాత్రకో ఊరు వెళ్తే, నాలుగు గింజలు వేసి సాయంత్రం గూడు మూసే పని పొరుగువారు చేయడం మన పాత అలవాటే. ఇప్పుడు దానికి ఒక్క జాగ్రత్త కలపండి. ఆ పెరటిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు మార్చండి, వచ్చాక చేతులు సబ్బుతో కడగండి.

మా వీధి పుస్తకంలో ప్రస్తుతం పదకొండు ఇళ్ల పేర్లు ఉన్నాయి. చివరి ఇంటి ఇల్లాలి పేరు మొదటి వరుసలో ఉన్నది. ఆమే ఇంటింటికీ తిరిగి గంపలు సిద్ధం చేయమని చెబుతున్నది. మీ వీధిలో ఆ పుస్తకాన్ని ఈ వారమే మొదలుపెట్టండి.